వంటింటి తొట్టిలో ప్రయోగశాల
(ఆగ్నెస్ పాకెల్స్ జీవితకథ)

ఉత్తరాదిలో అది నా మొదటి శీతాకాలం. డిసెంబరు నెలలో ఒక ఉదయం తలకు రాసుకుందామని కొబ్బరినూనె సీసా వంచితే ఒక్క చుక్క కూడా రాలేదు. లోపల నూనె తెల్లగా గడ్డకట్టుకుపోయింది. వంటగదిలో ఉన్న నువ్వులనూనె సీసా మాత్రం మా ఊళ్ళో ఎలా ఉండేదో ఇక్కడా అలాగే ఉంది. ఆ రోజు తెలుగు క్లాసులో నవ్వుతూ ఈ సంగతి చెప్పాను. వెనక బెంచీ నుంచి ఒక అమ్మాయి లేచి నిలబడింది. రెండూ నూనెలే కదా మేడమ్, ఒకటి గడ్డకట్టి రెండోది ఎందుకు కట్టలేదు అని అడిగింది.

ఆ అమ్మాయి నవంబరులో, అంటే చదువు సగంలో ఉండగా, నాన్నగారి బదిలీ వల్ల మా బడికి వచ్చింది. పాత బడిలో అయితే సైన్సు సారును అడిగేదాన్నని, ఇక్కడ ఇంకా ఎవరూ తెలియరని మెల్లగా చెప్పింది. నేను తెలుగు టీచర్ని. జవాబు తెలియదని ఒప్పుకుని, కనుక్కుని చెబుతానని మాట ఇచ్చాను.

మా జీవశాస్త్రం టీచరును అడిగితే కొంత వివరించి, ఆ కథ మొదలు తెలుసుకోవాలంటే ఆగ్నెస్ పాకెల్స్ గురించి చదవమన్నారు. చదవడం మొదలుపెట్టాను. అది పూర్తయ్యేలోపే ఆ అమ్మాయి నాన్నగారికి మళ్ళీ బదిలీ అయింది. మరుసటి ఏడాది నాకూ అయింది. ఇచ్చిన మాట అలాగే మిగిలిపోయింది. మన బడులు ఊరూరా ఉన్నాయి కాబట్టి, ఈ పత్రిక ఎలాగో ఒకలా ఆమెకు చేరుతుందన్న ఆశతో ఆ జవాబు ఇక్కడ రాస్తున్నాను. ఇది మీ అందరికీ కూడా.

వెనిస్ నుంచి బ్రౌన్‌ష్వైగ్‌కు

ఆగ్నెస్ 1862 ఫిబ్రవరి 14న వెనిస్ నగరంలో పుట్టింది. ఇప్పుడు వెనిస్ ఇటలీలో ఉంది. అప్పట్లో అది ఆస్ట్రియా చక్రవర్తి ఏలుబడిలో ఉండేది. ఆగ్నెస్ తండ్రి థియోడర్ పాకెల్స్ ఆస్ట్రియా సైన్యంలో అధికారి. ఉద్యోగం ఎక్కడుంటే కుటుంబం అక్కడే. అందుకే ఇంట్లో జర్మన్ మాట్లాడే ఈ పిల్ల కాలువల మధ్య, పడవల మధ్య, వేరే భాష వినిపించే ఊళ్ళో పుట్టింది. తమ్ముడు ఫ్రీడ్రిష్ మూడేళ్ళ తరువాత విచెన్జా అనే మరో ఊళ్ళో పుట్టాడు. మన బడి హాజరు పట్టీలో అన్నదమ్ముల, అక్కచెల్లెళ్ళ పుట్టిన ఊళ్ళు వేరువేరుగా ఉండడం మీకు తెలిసిందే. పాకెల్స్ ఇంట్లోనూ అదే పరిస్థితి.

ఉత్తర ఇటలీ పల్లపు నేలల్లో ఆ రోజుల్లో మలేరియా ఎక్కువ. ఆగ్నెస్ తండ్రికి ఆ జబ్బు పట్టుకుని ఆరోగ్యం దెబ్బతింది. నిండు వయసులోనే ఉద్యోగం వదులుకోవలసి వచ్చింది. 1871లో కుటుంబం జర్మనీలోని బ్రౌన్‌ష్వైగ్ అనే నగరానికి చేరింది. అప్పుడు ఆగ్నెస్‌కు తొమ్మిదేళ్ళు. కొత్త ఊరు, కొత్త బడి, జబ్బుతో ఇంట్లో ఉన్న తండ్రి. ఆ తొమ్మిదేళ్ళ పిల్ల జీవితం ఇక్కడ కొత్తగా మొదలైంది.

బ్రౌన్‌ష్వైగ్‌లో ఆడపిల్లల కోసం నగరం వాళ్ళు నడిపే ఉన్నత పాఠశాల ఉండేది. ఆగ్నెస్ అందులో చదువుకుంది. భౌతికశాస్త్రం అంటే ఆమెకు చాలా ఇష్టం. కాని బడి చదువు అయిపోయాక దారి ఆగిపోయింది. అప్పట్లో జర్మనీ విశ్వవిద్యాలయాలు ఆడపిల్లలను చేర్చుకునేవి కావు. తరువాతి కాలంలో తలుపులు కొంచెం తెరుచుకున్నప్పుడు కూడా, ఇల్లు వదిలి వెళ్ళవద్దని తల్లిదండ్రులు ఆమెను కోరారు. తమ్ముడు ఫ్రీడ్రిష్‌కు ఆ అడ్డం లేదు. అతను గోటింగెన్ విశ్వవిద్యాలయానికి వెళ్ళి భౌతికశాస్త్రం చదివాడు, పెద్ద శాస్త్రవేత్త అయ్యాడు. విద్యుత్తు ప్రభావంతో కొన్ని స్ఫటికాల గుండా కాంతి ప్రయాణించే తీరు మారుతుందని అతను వివరించాడు. ఆ ధర్మాన్ని ఇప్పటికీ పాకెల్స్ ప్రభావం అనే పిలుస్తారు. లేజర్ పరికరాల్లో దాన్ని వాడతారు.

ఒకే ఇంట్లో ఇద్దరు పిల్లలు. ఇద్దరికీ ఒకే ఆసక్తి. ఒకరికి విశ్వవిద్యాలయం దొరికింది, ఇంకొకరికి వంటిల్లు దొరికింది. తమ్ముడు మాత్రం అక్కను మరచిపోలేదు. తాను చదివే పుస్తకాలను ఆమెకు ఇచ్చేవాడు. ఆగ్నెస్ వాటిని ఇంటిపనులు అయ్యాక చదువుకునేది. గణితం కూడా అలాగే సొంతంగా నేర్చుకుంది.

గిన్నెలు కడిగే నీళ్ళు

జిడ్డు గిన్నెలు తొట్టిలో వేసి నీళ్ళు పోస్తే ఏం జరుగుతుందో మీరు ఎప్పుడైనా గమనించారా? నూనె చుక్కలు పైకి తేలుతాయి. కొన్ని గుండ్రంగా నిలబడతాయి. కొన్ని చప్పున పరుచుకుని కనిపించకుండా పోతాయి. సబ్బు తగిలితే అంతా ఒక పక్కకు పారిపోతుంది. మనం ముఖం చిట్లించుకుని ఆ నీళ్ళు పారబోస్తాం. ఆగ్నెస్ పారబోయకుండా చూస్తూ నిలబడింది. అప్పుడు ఆమెకు పద్ధెనిమిదేళ్ళు.

ఆమె దేన్ని చూసిందో అర్థం కావాలంటే ముందు ఒక చిన్న మాట తెలుసుకోవాలి. నీటిలోని అణువులు ఒకదాన్నొకటి లాక్కుంటూ ఉంటాయి. అడుగున ఉన్న అణువును అన్ని వైపుల నుంచీ పొరుగు అణువులు లాగుతాయి. పైన ఉన్న అణువుకు మీద ఎవరూ లేరు. అందువల్ల నీటి పైభాగం బిగించి కట్టిన పలుచని పొరలా ప్రవర్తిస్తుంది. చెరువులో కొన్ని పురుగులు నీటి మీద నడవగలగడానికి కారణం ఇదే. దీన్ని తలతన్యత అంటారు. నీటి మీద జిడ్డు చేరితే ఈ బిగువు తగ్గుతుంది. అంతవరకు చాలామందికి తెలుసు. ఎంత జిడ్డు చేరితే ఎంత తగ్గుతుంది? అది నెమ్మదిగా తగ్గుతుందా, ఒక్కసారిగా తగ్గుతుందా? ఆగ్నెస్‌కు కావలసింది ఈ లెక్క.

కొలవడానికి పరికరం కావాలి. కొనే స్తోమత లేదు, వెళ్ళి వాడుకునే ప్రయోగశాల లేదు. 1882 నాటికి, ఇరవయ్యేళ్ళ వయసులో, ఆమే ఒకటి తయారుచేసుకుంది. 70 సెంటీమీటర్ల పొడవు, 5 సెంటీమీటర్ల వెడల్పు, 2 సెంటీమీటర్ల లోతు ఉన్న రేకు తొట్టి అది. దాన్ని అంచుల దాకా నీటితో నింపేది. తొట్టికి అడ్డంగా ఒక సన్నని రేకు పట్టీ పెట్టేది. పట్టీ అడుగుభాగం నీటిని తాకుతూ ఉంటుంది. దాన్ని ముందుకు జరిపితే నీటి మీద ఉన్న జిడ్డు పొర ఇరుకవుతుంది. వెనక్కు జరిపితే విశాలమవుతుంది. బిగువును కొలవడానికి ఒక చిన్న త్రాసు వాడింది. త్రాసుకు ఆరు మిల్లీమీటర్ల వెడల్పున్న గుండ్రని బిళ్ళను వేలాడదీసి, దాన్ని నీటికి తాకించి, పైకి లాగడానికి ఎంత బరువు కావాలో చూసేది. నీరు శుభ్రంగా ఉంటే ఎక్కువ బరువు కావాలి, జిడ్డుగా ఉంటే తక్కువ సరిపోతుంది. ఆమె పరికరం మొత్తం ఇంతే.

ఆ తొట్టిలో ఆమెకు ఒక వింత కనిపించింది. పట్టీని జరిపి జిడ్డు పొరను ఇరుకు చేస్తుంటే మొదట ఏ మార్పూ లేదు. నీటి బిగువు శుభ్రమైన నీటికి ఉన్నంతే ఉంది. ఇంకా జరిపితే, ఒక చోటికి వచ్చేసరికి బిగువు ఒక్కసారిగా పడిపోవడం మొదలైంది. ఎన్నిసార్లు చేసినా అంతే.

మీ ఆటస్థలాన్ని ఊహించుకోండి. ముప్పై మంది పిల్లలు దూరదూరంగా నిలబడ్డారు. ఇద్దరు టీచర్లు తాడు పట్టుకుని ఒక చివర నుంచి రెండో చివరకు నడుస్తున్నారు. చోటు తగ్గుతున్నా కాసేపటి వరకు ఎవరికీ ఇబ్బంది ఉండదు. భుజానికి భుజం తగిలాక మాత్రం తోపులాట మొదలవుతుంది. నీటి మీద నూనె అణువులకు జరిగింది కూడా అదే. బిగువు పడిపోవడం మొదలైన ఆ చోటున నూనె అణువులు సందు లేకుండా, ఒకే ఒక్క వరుసగా పరుచుకుని ఉన్నాయి. ఆ చోటును నేడు పాకెల్స్ బిందువు అంటారు. ఆ పొర మందం ఒక మిల్లీమీటరును పది లక్షల ముక్కలు చేస్తే అందులో ఒకటి రెండు ముక్కలంత. అణువులు నిజంగా ఉన్నాయా లేదా అని పెద్ద పెద్ద పండితులే ఇంకా వాదించుకుంటున్న కాలం అది. ఆగ్నెస్ తొట్టిలో ఉన్నది అణువు మందం ఉన్న పొర.

ఆమె ఇంకో ఉపాయం కూడా కనిపెట్టింది. నీటిని ఎంత శుభ్రంగా పట్టినా గాలిలోని దుమ్ము, చేతుల జిడ్డు పైన చేరి లెక్క చెడగొడతాయి. ఆమె రేకు పట్టీని నీటి మీదుగా ఒక చివర నుంచి లాగి, చీపురుతో నేల ఊడ్చినట్టు నీటి పైభాగాన్ని ఊడ్చేది. పట్టీ వెనక కొత్త, శుభ్రమైన నీటితలం మిగిలేది. ఇల్లు ఊడ్చే చేతులకు తట్టిన ఈ పద్ధతిని ఇటువంటి తొట్టెలు వాడే ప్రయోగశాలలు ఇవాళ్టికీ పాటిస్తున్నాయి.

ఒక ఉత్తరం

ఇలా దాదాపు పదేళ్ళు గడిచాయి. చేతిలో ఫలితాలు ఉన్నాయి. అవి ప్రచురించడానికి దారి లేదు. పట్టా లేని, ప్రొఫెసరు కాని, ఇంట్లో ఉండే యువతి మాట వినే పత్రిక దగ్గరలో ఏదీ లేదు. అప్పుడే ఇంగ్లండులో లార్డ్ రేలీ అనే భౌతికశాస్త్రవేత్త నీటి మీద నూనె పొరల గురించి ప్రయోగాలు చేస్తున్నాడని ఆమె చదివింది. రేలీ అప్పటికే ప్రపంచ ప్రసిద్ధుడు. తరువాత 1904లో నోబెల్ బహుమతి కూడా అందుకున్నాడు.

1891 జనవరిలో ఆగ్నెస్ ఆయనకు జర్మన్ భాషలో ఒక ఉత్తరం రాసింది. ముక్కూ మొహం తెలియని తాను రాస్తున్నందుకు మన్నించమని కోరి, తన తొట్టిని, తన కొలతలను, తాను చూసినవాటిని వివరంగా చెప్పింది. తన పని ఆయనకు ఏమైనా ఉపయోగపడితే వాడుకోవచ్చని రాసింది.

ఈ కథలో నాకు చాలా ఇష్టమైన ఘట్టం ఇదే. రేలీ ఆ ఉత్తరాన్ని పక్కన పడేయవచ్చు. లేదా అందులోని ఉపాయాలను తన పేరుతో వాడుకోవచ్చు. ఆయన ఆ రెండూ చేయలేదు. ఆయన భార్యకు జర్మన్ వచ్చు, ఆమె దాన్ని ఇంగ్లీషులోకి మార్చింది. రేలీ ఆ అనువాదాన్ని నేచర్ అనే సుప్రసిద్ధ విజ్ఞాన పత్రికకు పంపి, ఇంటి సామాన్లతోనే ఈ జర్మన్ మహిళ విలువైన ఫలితాలు సాధించిందని, దీన్ని అచ్చువేయాలని కోరాడు. 1891 మార్చి 12 సంచికలో ఆ ఉత్తరం ఆగ్నెస్ పాకెల్స్ పేరుతోనే వెలువడింది. అప్పుడు ఆమెకు ఇరవై తొమ్మిదేళ్ళు. తరువాతి మూడేళ్ళలో అదే పత్రికలో ఆమె పరిశోధనలు మరికొన్ని వచ్చాయి. జర్మన్ పత్రికలు కూడా ఆమె రాసినవి తీసుకోవడం మొదలుపెట్టాయి.

పేరు వచ్చింది కాబట్టి జీవితం మారిపోయిందని అనుకోకండి. మారలేదు. తండ్రి జబ్బు తగ్గలేదు. తల్లి కూడా మంచాన పడింది. వాళ్ళకు వేళకు మందులు ఇవ్వడం, వంట, ఇంటి లెక్కలు అన్నీ ఆగ్నెస్ మీదే. ఆమె ఆరోగ్యం కూడా అంతంతమాత్రమే. పెళ్ళి చేసుకోలేదు. పని మధ్యలో దొరికిన గంటల్లోనే ప్రయోగాలు సాగాయి, అవి దొరకని నెలల్లో ఆగిపోయాయి. తండ్రి 1906లో పోయాడు. పుస్తకాలు తెచ్చి ఇచ్చిన తమ్ముడు 1913లో, తల్లి 1914లో పోయారు. అదే ఏడాది మొదటి ప్రపంచ యుద్ధం మొదలైంది. ఆమె పరిశోధన చాలావరకు అక్కడితో సన్నగిల్లింది.

బాతులు తల ముంచినట్టు

ఆమె తొట్టి మాత్రం ఆగలేదు, చేతులు మారింది. అమెరికాలో ఇర్వింగ్ లాంగ్‌మ్యూర్ అనే శాస్త్రవేత్త దాన్ని మెరుగుపరచి, 1917లో నూనె అణువులు నీటి మీద ఎలా నిలబడతాయో వివరించాడు. కొవ్వు ఆమ్లం అణువుకు ఒక తల, ఒక పొడుగాటి తోక ఉంటాయి. తలకు నీళ్ళంటే ఇష్టం, తోకకు పడదు. చెరువులో బాతులు మేత కోసం తల నీళ్ళలో ముంచి తోక పైకెత్తడం చూశారు కదా. నీటి మీద కొవ్వు అణువులన్నీ అలాగే, తలలు కిందికి, తోకలు పైకి పెట్టుకుని వరుసగా నిలబడతాయి. ఆగ్నెస్ రేకు పట్టీతో నెట్టింది ఈ బాతుల గుంపునే.

ఇప్పుడు కథ వంటింటి తొట్టి నుంచి మన ఒంట్లోకి వస్తుంది.

మన శరీరం కోటానుకోట్ల కణాలతో తయారైంది. ప్రతి కణం చుట్టూ కణత్వచం అనే పలుచని పొర ఉంటుంది. లోపలికి ఏది రావాలో, బయటికి ఏది పోవాలో చూసుకునేది అదే. ఆ పొర దేనితో తయారైంది, ఎలా కట్టి ఉంది అన్నది చాలాకాలం ఎవరికీ తెలియలేదు. 1925లో నెదర్లాండ్స్‌లోని లైడెన్ నగరంలో గోర్టర్, గ్రెండెల్ అనే ఇద్దరు ఒక ప్రయోగం చేశారు. మనిషి, కుక్క, గొర్రె, కుందేలు, మేక, గినీ పంది రక్తం నుంచి ఎర్ర కణాలను తీసుకున్నారు. వాటి పొరల్లోని కొవ్వునంతా కరిగించి బయటికి తీసి, ఆగ్నెస్ తొట్టికి వారసురాలైన తొట్టిలో నీటి మీద పరిచారు. పట్టీ జరిపి, అణువులు భుజానికి భుజం తగిలే చోట ఎంత వైశాల్యం వచ్చిందో కొలిచారు. తరువాత ఆ కణాలన్నిటి పైతలాల వైశాల్యాన్ని లెక్కగట్టి పోల్చారు.

నీటి మీద పరిచిన కొవ్వు, కణాల పైతలానికి రెండింతలు వచ్చింది!

అంటే కణం చుట్టూ కొవ్వు అణువులు ఒక వరుసగా కాదు, రెండు వరుసలుగా ఉన్నాయన్నమాట. ఆలోచిస్తే అది సహజమే. కణానికి లోపలా నీరే, బయటా నీరే. నీళ్ళంటే పడని తోకలు ఎటు పోవాలి? ప్రార్థన సమావేశంలో రెండు వరుసల పిల్లలు వీపులు ఆనించి, ఒక వరుస బయటికి, ఒక వరుస లోపలికి చూస్తూ నిలబడ్డట్టు ఊహించుకోండి. తలలు నీటి వైపు, తోకలు మధ్యలో ఒకదానికొకటి ఎదురుగా. ఈ ప్రయోగంలో ఒక తమాషా ఉంది. వాళ్ళు కొవ్వును పూర్తిగా బయటికి తీయలేకపోయారు. కణాల వైశాల్యాన్ని కూడా తక్కువగా లెక్కవేశారు. రెండు పొరపాట్లు ఒకదాన్నొకటి కొట్టేసుకుని సరైన జవాబు వచ్చింది! తరువాతి పరిశోధనలు ఆ జవాబును గట్టిపరిచాయి. 1972లో సింగర్, నికల్సన్ అనే ఇద్దరు, ఈ రెండు వరుసల కొవ్వు గట్టి గోడ కాదని, ద్రవంలా కదులుతూ ఉంటుందని, దానిలో ప్రోటీన్లు తేలుతూ ఉంటాయని వివరించారు. ఇప్పుడు మీ జీవశాస్త్రం పుస్తకంలో ఉన్న బొమ్మ అదే.

సీసాలో గడ్డకట్టిన నూనె

ఇక ఆ అమ్మాయి అడిగిన ప్రశ్నకు వద్దాం.

కొవ్వు ఆమ్లాల తోకలు అన్నీ ఒకేలా ఉండవు. కొన్ని కర్రల్లా తిన్నగా ఉంటాయి. వాటిని సంతృప్త కొవ్వులు అంటారు. కొన్ని మధ్యలో వంగి ఉంటాయి. అవి అసంతృప్త కొవ్వులు. తిన్నని కర్రలను మోపు కడితే దగ్గరగా ఒదుగుతాయి. వంకర కొమ్మలను మోపు కడితే మధ్యలో సందులు మిగులుతాయి. కొబ్బరినూనెలో తిన్నని తోకలు ఎక్కువ. అందుకే దాదాపు 24 డిగ్రీల కంటే చల్లబడితే అవి దగ్గరగా ఒదిగి గడ్డకడతాయి. నెయ్యి పేరుకోవడానికి కూడా కారణం ఇదే. నువ్వులనూనెలో వంగిన తోకలు ఎక్కువ. అందుకే అంత చలిలోనూ అది పారుతూనే ఉంది.

కణత్వచానికి కూడా ఇదే సూత్రం. అది మరీ గట్టిపడితే దానిలోని ప్రోటీన్లు పని చేయలేవు. మరీ పలచనైతే నిలవదు. అందుకే శరీరం తిన్నని తోకలను, వంగిన తోకలను తగిన పాళ్ళలో కలుపుతుంది. మనం భయపడే కొలెస్ట్రాల్ కూడా త్వచంలో కొంత ఉండాలి. ఆ పొర మరీ గట్టిపడకుండా, మరీ జారిపోకుండా చూడడంలో దాని పాత్ర ఉంది. మనకు అవసరమైన కొలెస్ట్రాల్‌ను కాలేయం తయారుచేసుకోగలదు. చల్లని నీళ్ళలో బతికే చేపలు తమ కణత్వచాల్లో వంగిన తోకలను పెంచుకుంటాయి. లేకపోతే సీసాలోని కొబ్బరినూనెలా వాటి కణాలు బిగుసుకుపోతాయి. కొత్త ఊరి చలికి మనం స్వెట్టరు వేసుకుంటే, చేప తన పొరనే మార్చుకుంటుంది.

ఈ తోకలు ఎక్కడి నుంచి వస్తాయి? చాలావాటిని శరీరమే చేసుకుంటుంది. రెండు రకాలను మాత్రం చేసుకోలేదు. అవి లినోలిక్ ఆమ్లం, ఆల్ఫా లినోలెనిక్ ఆమ్లం. అవి తిండిలోంచే రావాలి. అమెరికాలో జార్జ్ బర్, మిల్డ్రెడ్ బర్ దంపతులు 1929లో, 1930లో దీన్ని ఎలుకల మీద నిరూపించారు. కొవ్వు పూర్తిగా తీసేసిన తిండి పెడితే ఎలుకల చర్మం పొలుసులు లేచింది, ఎదుగుదల ఆగిపోయింది. లినోలిక్ ఆమ్లం కొద్దిగా ఇస్తే కోలుకున్నాయి. అప్పటిదాకా కొవ్వు అంటే ఒంట్లో మండే కట్టెలు మాత్రమే అనుకునేవారు. అది ఇల్లు కట్టే ఇటుక కూడా అని ఆ తరువాత తెలిసింది.

నువ్వులు, పొద్దుతిరుగుడు, కుసుమ నూనెల్లో మొదటి రకం దొరుకుతుంది. అవిసెలు, ఆవనూనె, అక్రోట్లలో రెండోది దొరుకుతుంది. మెదడు కణాలకు, కంటిలోని రెటీనాకు ఎంతో అవసరమైన మరో కొవ్వు చేపల్లో ఉంటుంది. మనం ఊరు మారినప్పుడల్లా పొరుగింటి వంట వాసన మారుతుంది. ఒకచోట నువ్వులనూనె, ఒకచోట కొబ్బరినూనె, ఒకచోట ఆవనూనె. బెంగాలు వైపు బదిలీ అయిన కొత్తలో ఆవనూనె ఘాటుకు నేను ముక్కు మూసుకునేదాన్ని. ఇప్పుడు అదీ మా ఇంటి గట్టు మీద ఉంది. ఒకే నూనెకు అతుక్కుపోకుండా రకరకాలు మార్చి వాడమని, ఏదైనా మితంగా వాడమని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ కూడా చెబుతోంది.

ఒక జాగ్రత్త కూడా ఉంది. నూనెకు హైడ్రోజన్ పట్టించి వనస్పతిగా గట్టిపరిచేటప్పుడు కొన్ని వంగిన తోకలు తిన్నగా సాగిపోతాయి. వీటిని ట్రాన్స్ కొవ్వులు అంటారు. ఇవి రక్తంలో చెడ్డ కొలెస్ట్రాల్‌ను పెంచి, మంచిదాన్ని తగ్గించి, గుండెకు కీడు చేస్తాయి. అందుకే మన దేశంలో 2022 జనవరి నుంచి నూనెల్లో, కొవ్వుల్లో వీటిని 2 శాతానికి మించనివ్వడం లేదు. రోడ్డు పక్క బజ్జీల మూకుడులో నల్లగా మారేదాకా మళ్ళీ మళ్ళీ కాచిన నూనె జోలికి కూడా పోకండి.

డెబ్బయ్యో ఏట

ఆగ్నెస్‌ను లోకం పూర్తిగా మరచిపోలేదు. 1931లో జర్మనీలో ఈ రంగం శాస్త్రవేత్తల సంఘం ఆమెకు బహుమతి ఇచ్చింది. 1932లో, ఆమెకు డెబ్బై ఏళ్ళు నిండినప్పుడు, బ్రౌన్‌ష్వైగ్ సాంకేతిక విశ్వవిద్యాలయం గౌరవ డాక్టరేటు ఇచ్చింది. ఒకనాడు గడప తొక్కనివ్వని విశ్వవిద్యాలయాల్లో ఒకటి తానే ఎదురు వచ్చి పట్టా ఇచ్చినట్టయింది. ఆమె తొట్టిని మెరుగుపరచిన లాంగ్‌మ్యూర్‌కు అదే ఏడాది రసాయనశాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది. ఆగ్నెస్ 1935 నవంబరు 21న బ్రౌన్‌ష్వైగ్‌లోనే కన్నుమూసింది.

ఆమెకు జరిగింది న్యాయమని నేను అనను. ఆ విశ్వవిద్యాలయం తలుపు ఆమెకు పద్ధెనిమిదో ఏట తెరిచి ఉంటే ఇంకా ఎంత చేసేదో! ఇప్పుడు ఆ తలుపు మీకు తెరిచే ఉంది. బదిలీల వల్ల సగంలో తెగిన పాఠం, ఇంకా పేరు తెలియని సైన్సు టీచరు, తాళం తీయని ప్రయోగశాల మీకు ఇబ్బందే, కాదనను. ఆ నాలుగు రోజులు గడిచేలోపు చూడడానికి వంటింట్లో చాలా ఉంది.

ఈ సాయంత్రం అమ్మనో నాన్ననో అడిగి ఒక పళ్ళెంలో నీళ్ళు పోసి, పైన మిరియాల పొడి చల్లండి. సబ్బు అంటిన వేలితో మధ్యలో తాకి చూడండి. రెండు చెంచాల్లో కొబ్బరినూనె, నువ్వులనూనె పోసి కాసేపు ఫ్రిజ్‌లో పెట్టి చూడండి. చూసింది ఒక పుస్తకంలో తేదీ వేసి రాసుకోండి. బదిలీ అయినప్పుడు ఆ పుస్తకాన్ని లారీ సామాన్లలో పడేయకుండా మీ సంచీలోనే ఉంచుకోండి.

వెనక బెంచీ అమ్మాయీ, ఇది నీ ప్రశ్నకు జవాబు. ఆలస్యమైనందుకు ఏమీ అనుకోకు. ఇప్పుడు ఏ ఊళ్ళో ఉన్నావో, అక్కడ ఈ చలికి ఏ నూనె గడ్డకట్టిందో రాసి పంపు.